ఆదివారం గీసిన బాట

అరుణజ్యోతి గారు కుడితి గోలెంలో కాలు పెట్టినప్పుడు సమయం ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఎడమ కాలు. మోకాలి దాకా. చేతిలోని జీపీఎస్ యంత్రం అప్పుడే మూడు మీటర్ల తేడాతో స్థలం చూపించడం మొదలుపెట్టింది. ఆమె తెర మీద నుంచి చూపు తిప్పకుండా అక్షాంశం చదివారు, విద్యార్థులు రాసుకున్నారు. రేఖాంశం చదివారు, అదీ రాసుకున్నారు. ఆ తర్వాతే కాలు బయటికి తీశారు. గోలెం గల ముసలమ్మ గడప మీద కూర్చుని ఇదంతా చూసి, బర్రె ఇక ఆ కుడితి తాగదని మాత్రం చెప్పింది. మేడం ముసలమ్మకు క్షమాపణ చెప్పారు. బర్రె వైపు కూడా ఒకసారి చూశారు. ఆ బిందువు మా మ్యాపులో ఇప్పటికీ ఉంది, నంబరు పద్దెనిమిది.

ఆమె మా యూనివర్సిటీలో జియోఇన్ఫర్మాటిక్స్ చెప్తారు. ఆ పేరు వింటే మా చుట్టాలు అది కంప్యూటరా, భూగోళమా అని అడుగుతారు. రెండూ. ఉపగ్రహం తీసిన బొమ్మలో ఏది చెరువు, ఏది చేను, ఏది బాట అని గుర్తుపట్టి, కంప్యూటర్లో గీసి, ఆ గీతతో ఎవరికైనా ఒక పని జరిగేటట్టు చూడడం. నేను పక్క గదిలో గణాంకశాస్త్రం చెప్తాను. ఆమె గీసిన మ్యాపు ఎంత శాతం సరిగ్గా ఉందో తేల్చి, కింద సంతకం పెట్టడం నా వంతు. ఈ సంతకం సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

ఆమెది మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్. తండ్రి కృష్ణయ్య టమాట, క్యారెట్ పండించి చేవెళ్ల మార్కెట్‌కు వేసేవాడు. ఆయన దూరాన్ని బీడీల్లో చెప్పేవాడట. చేవెళ్లకు ఇన్ని బీడీలు, మొయినాబాద్‌కు ఇన్ని. ఎత్తు ఎక్కాల్సిన బాటైతే ఒక బీడీ కలిపి చెప్పేవాడు. ఇప్పటి ఫోన్లలో దారి చూపించే ఏ యాప్‌కూ అంత నిజాయితీ లేదని ఆమె క్లాసులో ఏటా చెప్తారు. మొదటి రోజు పిల్లలకు కంప్యూటర్ ముట్టనివ్వరు. హాస్టల్ నుంచి మెస్‌కు దారి కాగితం మీద గీయమంటారు. అందరి బొమ్మల్లోనూ మెస్ పెద్దదిగా ఉంటుంది, లైబ్రరీ కొందరి బొమ్మల్లో అసలు ఉండదు. ఆమె నవ్వరు. మనిషి నడిచిందే మనిషి గీస్తాడు, కాబట్టి నడవని చోట గీత గీయొద్దు అంటారు. ఈ మాట గుర్తుంచుకోవాల్సింది పిల్లలు కాదని అప్పుడు మాకు తెలియదు.

వడగళ్లు పడ్డ ఏడాది ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు దెబ్బతిన్నాయో వారం లోపల బొమ్మ తీసి ఇచ్చింది ఆమే. ఎండిన బోర్లన్నీ ఒక మ్యాపులో పెట్టి, ఇక ఈ వరసలో తవ్వకండని చేవెళ్ల రైతులకు చెప్పిందీ ఆమే. పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని రైతులు నేరుగా ఆమె గదికే వస్తారు. వాళ్లు నా గదిలోకి తొంగి చూసి, తప్పు గదని తెలుసుకుని, నమస్తే పెట్టి పోతారు.

రెండేళ్ల కింద అట్లా వచ్చినవాడే జయరాజ్. మొయినాబాద్‌లో ఒక ధర్మ ట్రస్టు నడిపే అంబులెన్స్‌కు డ్రైవర్. అజీజ్‌నగర్ వైపు ఇప్పుడు పొలాల కంటే ప్రహరీ గోడలు ఎక్కువ. గోడల వెనక ఫార్మ్‌హౌస్‌లు. ఓనర్లు సిటీలో ఉంటారు, వారానికోసారి వస్తారు. మిగతా రోజుల్లో అక్కడ ఉండేది వాచ్‌మన్లు, తోటమాలులు, వంటవాళ్లు, వాళ్ల పిల్లలు. ఇంటి నంబర్లు లేవు. ఒకే పేరున్న ఫార్మ్‌లు మూడున్నాయి. పాము కరిచిందనో, కరెంటు కొట్టిందనో ఫోన్ వస్తే ఏ గోడ పక్కన తిరగాలో తెలియక తిప్పలు పడుతున్నానని అతను చెప్పుకున్నాడు. బండిలోని ఫోన్‌లో పెట్టుకునేందుకు ఒక మ్యాపు కావాలన్నాడు. మేడం సరేనన్నారు.

హిమాయత్‌నగర్ దిక్కు నుంచి ఆ ఫార్మ్‌హౌస్‌ల మధ్యకు పోయే పాత బండ్ల బాట ఒకటుంది. ఉపగ్రహం బొమ్మలో తెల్లటి దారంపోగులా స్పష్టంగా కనబడింది. దాన్ని పట్టుకుని పోతే రెండున్నర కిలోమీటర్లు. మెయిన్ రోడ్డు మీద అజీజ్‌నగర్ చుట్టి పోతే తొమ్మిది. బొమ్మను నమ్మి గీత గీసే మనిషి కాదు ఆమె. కిందికి దిగి చూడాలి. పిల్లలకు వారమంతా క్లాసులు, కాలేజీ బస్సు ఖాళీగా ఉండేది ఆదివారమే. ఆదివారాలు పోదామని సలహా ఇచ్చింది నేను.

నాలుగు ఆదివారాలు పోయాం. అవి చాలా మంచి ఆదివారాలు. ప్రతి గేటూ బార్లా తెరిచి ఉంది, కార్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక చోట కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చారు. ఇంకో చోట ఎవరిదో పుట్టినరోజు, మా ముప్పైమందికీ బిర్యానీ పెట్టారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. బండ్ల బాట మీద ఇనుప గేటు ఉందని మేము గమనించలేదని కాదు. గమనించాం. తెరిచిన రెక్కకు ఆనుకుని గ్రూప్ ఫోటో దిగాం. నా భుజం వెనక రేకు మీద నీలం రంగుతో రాసిన అక్షరాలు ఆ ఫోటోలో చదవొచ్చు: తాళం కోసం ఫోన్ చేయండి. కింద పది అంకెలు. ఇంతమంది చదువుకున్నవాళ్లం అక్కడ నిలబడి, తెరిచి ఉన్న గేటుకు తాళం ఎందుకని ఎవరమూ అడగలేదు. మ్యాపు తొంభై నాలుగు శాతం సరైనదని నేను రాసి సంతకం పెట్టాను. బండికి కొబ్బరికాయ కొట్టారు. మేడంకు శాలువా కప్పారు.

కిందటి వానాకాలం ఒక మంగళవారం, పొద్దున పదకొండు దాటాక, ఆ ఫార్మ్‌హౌస్‌లలో ఒకదాని తోటమాలి సాయిలు కత్తిరించిన కొమ్మల కుప్ప ఎత్తుతుంటే నాగుపాము చేతి మీద కరిచింది. అతనే ఫోన్ తీసి సిటీలో ఉన్న ఓనర్‌కు చెప్పాడు. ఓనర్ మంచివాడే, వెంటనే ట్రస్టుకు ఫోన్ చేసి, లొకేషన్ పంపి, ఆ తర్వాత ఏదో మీటింగ్‌లోకి పోయాడు. ఫోన్‌ను జేబులో పెట్టుకుని సాయిలు అరుగు మీద కూర్చున్నాడు, తర్వాత పడుకున్నాడు. అతని భార్య సాలమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. అజీజ్‌నగర్ దిక్కు చూస్తూ కూర్చుంది. అక్కడ బతికే వాళ్లందరికీ తెలుసు, మామూలు రోజుల్లో బండి ఏదైనా వస్తే అటు నుంచే వస్తుంది.

మా మ్యాపుకు మాత్రం అది తెలియదు. జయరాజ్ దాన్ని చూసుకుంటూ హిమాయత్‌నగర్ దిక్కు నుంచి బండ్ల బాటలోకి తిరిగాడు. గేటుకు తాళం. ఓనర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రేకు మీది నంబరుకు చేశాడు. ఆ నంబరు సాయిలుది. బాట తాళంచెవి కూడా అతని దగ్గరే ఉండేది, మొలతాడుకు కట్టి.

అక్కడికి కిలోమీటరు అవతల, గోడల మలుపు దాటాక, సాలమ్మ ఒళ్లో ఉన్న మనిషి జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఓనర్ చేస్తున్నాడేమో అనుకుంది ఆమె. ఆ ఫోన్ ఎత్తొద్దని ఆమెకు ఒకసారి గట్టిగా చెప్పి ఉన్నారు, మాట్లాడాల్సింది నీ మొగుడు కానీ నువ్వు కాదని. పైగా రెండు చేతులతోనూ తల పట్టుకుని ఉంది. అప్పటికి సాయిలు కనురెప్పలు ఎత్తలేకపోతున్నాడు.

జయరాజ్ పది నిమిషాలు గేటు కాడ ఉన్నాడు. రెండు పక్కలా గోడలు, బండి తిప్పే జాగా లేదు. ముప్పావు కిలోమీటరు వెనక్కి నడిపి, మెయిన్ రోడ్డెక్కి, తొమ్మిది కిలోమీటర్లు చుట్టి వచ్చాడు. మొయినాబాద్ చేరేలోపే సాయిలు పోయాడు. ముందే తెచ్చి ఉంటే బతికేవాడా అని అడిగితే దవాఖానలో డాక్టర్ అవుననలేదు, కాదనలేదు.

ఇదంతా జయరాజ్ మూడో రోజు మా ల్యాబ్‌కు వచ్చి చెప్పాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ మ్యాప్ తప్పని లొల్లి వెట్టెతందుకు రాలే మేడం," అన్నాడు. "ఆ సాలమ్మ సంగతి చెప్దామని వచ్చిన. గేటు కాడికెళ్లి ఏడుసార్లు కొట్టిన నేను. ఏడు మిస్డ్ కాల్స్ ఆ ఫోన్ల ఉన్నయి. సాయిలు వాళ్లన్న చూసిండు. ఇగ ఆమెనే సంపిందంటున్నడు."

సాయిలు అన్న కొమురయ్య ఇల్లు హిమాయత్‌నగర్‌లోనే. తొమ్మిదో రోజుకు ఫార్మ్‌హౌస్ గదిలోకి కొత్త మనిషి వచ్చాడు, సాలమ్మ మూటాముల్లె సర్దుకుని బావ ఇంటికి చేరింది. పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ కొమురయ్య ఫోన్ తెరిచి ఆ ఏడు గుర్తులూ చూపించి, ఎత్తి ఉంటే నా తమ్ముడు బతికేవాడని చెప్పడం, ఆమె గోడవారన కూర్చుని వినడం. ఆమె ఇప్పుడు ఆ ఫోన్‌ను పక్కన పెట్టుకునే తింటోందని, మోగీ మోగకముందే ఎత్తుతోందని, ప్లాట్లు అమ్మే వాళ్లకు కూడా హలో అంటోందని జయరాజ్ ఇంకోసారి వచ్చి చెప్పాడు. నాలుగు మెతుకులు కూడా సరిగ్గా తినడం లేదట.

మేడం ఆ రోజు ల్యాబ్‌లోంచి చాలాసేపు బయటికి రాలేదు. నేను పోయి చూస్తే ఫోటో తెరిచి పెట్టుకుని ఉన్నారు. గేటు రెక్క, నా భుజం, పది అంకెలు. ఆదివారాల సలహా నాదేనని గుర్తుచేశాను. మీది సలహా, నాది పని అన్నారు.

మా హెడ్డు ప్రభాకర్ గారు చెడ్డవారు కాదు. ఆయన వాదనలో తప్పు పట్టడం నాకు చేతకాలేదు కూడా. గేటు పెట్టింది మనమా, తాళం వేసింది మనమా, బాట ఉన్నచోట బాట ఉందని చూపించాం అన్నారు. వచ్చే నెల తనిఖీ బృందం వస్తోంది, సమాజానికి మనం చేసిన మేలు అన్న శీర్షిక కింద మొదటి పేజీలో ఈ మ్యాపే ఉంది, ఇప్పుడు దీన్ని కెలకవద్దు అన్నారు. ఊరికి పోయి తప్పు ఒప్పుకుంటే రేపు ఎవరైనా కోర్టుకు పోతే కాగితం మీద ఆమె పేరే ఉంటుందని కూడా మెల్లగా చెప్పారు. అది బెదిరింపు కాదు. నిజంగానే ఆయనకు భయం.

మేడం అంతా విని, ఆయనను ఒకటే అడిగారు. ఆ ఇంట్లో ఒక మనిషి తాను చేయని పనికి హంతకురాలై కూర్చుందని, దాన్ని ఏ శీర్షిక కింద పెడదామని. ప్రభాకర్ గారు టీ తెప్పించారు.

తర్వాతి మంగళవారం పదకొండింటికి ముగ్గురం పోయాం. మేడం, జయరాజ్, నేను. ముందు ఆ గేటు దగ్గర ఆగాం. తాళం ఉంది. నీలం రంగు నంబరు అట్లాగే ఉంది. జయరాజ్ బండిని వెనక్కి ఎట్లా నడిపాడో నడిపి చూపించమన్నారు మేడం. వాచీ చూసుకుంటూ పక్కన నడిచారు. గోడ ఒక చోట గీసుకుపోయి ఉంది, బండి రంగు ఇంకా అంటుకుని ఉంది.

కొమురయ్య ఇంటి ముందు నలుగురైదుగురు మగవాళ్లున్నారు. ఆమెను చూడగానే కృష్ణయ్య బిడ్డని గుర్తుపట్టి మంచం వాల్చారు. ఆమె కూర్చోలేదు. సాలమ్మను పిలవమన్నారు. ఆమె వచ్చి తలుపు పక్కన నిలబడింది. నలభై ఏళ్లు కూడా లేని మనిషి. చేతిలో ఫోన్.

మేడం మ్యాపు కాగితం విప్పి మంచం మీద పరిచారు. యూనివర్సిటీ భాష ఒక్క ముక్క కూడా వాడలేదు. ఈ బాట తానే గీశానని, ఇది ఎప్పుడూ తెరిచి ఉంటుందని బండికి చెప్పింది తన మ్యాపేనని, దాన్ని నమ్మే జయరాజ్ ఇటు వచ్చాడని చెప్పారు. నాలుగుసార్లు వచ్చి చూశామని, నాలుగుసార్లూ ఆదివారమే వచ్చామని చెప్పారు. చివరి మాట చెప్పేటప్పుడు నేను మంచం కోడు వైపు చూశాను.

కొమురయ్య మంచం దగ్గరికి వచ్చాడు.

"కృష్ణయ్య బిడ్డవు నువ్వు," అన్నాడు. "ఈడ పుట్టినదానివి. ఆ గేటు ఐతారం దప్ప తెరువరని మా ఊరి మేకలకెర్క. నీకెర్క లేదా?"

"తెల్సుకోలే కాకా. మా బాపు ఉన్నప్పుడు గేటు లేకుండె. ఇప్పుడు ఉన్నది. నేను ఎవ్వలనన్న అడుగుతే చెప్తుండె. అడగలే."

"అంత దూరం చంద్రుని కాడికెళ్లి చూస్తరట. గేటు కాడ నిలవడి చూడరట."

పక్కనున్న ఒకాయన నవ్వబోయి ఆపుకున్నాడు. మేడం అది తనకు రావాల్సిందే అన్నట్టు నిలబడ్డారు. నేను ఏదో సర్దిచెప్పబోయి, నా సంతకం గుర్తొచ్చి ఆగిపోయాను.

అప్పుడు సాలమ్మ తలుపు దగ్గరి నుంచే అడిగింది.

"అక్కా, నేను ఫోనెత్తితే ఏమైతుండె?"

అక్కడ ఒక చిన్న అబద్ధం చెప్పొచ్చు. నేనైతే చెప్పేవాణ్ని. ఏమీ అయ్యేది కాదమ్మా, అంతా రాత అని. మేడం కాగితం మీద వేలు పెట్టి, గేటు నుంచి అరుగు దాకా ఒకసారి జరిపారు.

"ఎత్తితే నువ్వు తాళంచెవి తీసుకొని కిలోమీటరు ఉరకాలె చెల్లె, ఆయన తల కింద వెట్టి. బండి ఇరవై నిమిషాలు ముందొస్తుండె. అబద్ధం చెప్పను. కానీ నా మ్యాప్ సక్కగ ఉంటే బండి ఈ దిక్కుకే రాకపోవు. అజీజ్‌నగర్ దిక్కే వస్తుండె, నువ్వు చూసుకుంట కూసున్న దిక్కే. ఆ ఫోన్ మోగకనే పోవు."

సాలమ్మ ఆ కాగితం దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. అరుగు ఎక్కడుందని అడిగింది. మేడం చూపించారు. మరి నేను చూసిన దిక్కు ఏదని అడిగింది. అదీ చూపించారు. సాలమ్మ ఆ గీత మీద చేయి పెట్టింది. ఏడవలేదు. చేతిలో ఫోన్ మోగింది. అలవాటు ప్రకారం వెంటనే ఎత్తింది. అవతలి గొంతు శంకర్‌పల్లి రోడ్డులో ప్లాట్ల గురించి చెప్తుంటే కాసేపు విని, ఇది సాయిలు నంబరు, సాయిలు చచ్చిపోయిండు అని చెప్పి కట్ చేసింది. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారని తర్వాత కొమురయ్య కోడలు మాకు చెప్పింది.

కథ బాగుపడిందని చెప్పలేను. సాలమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. పొద్దున షేర్ ఆటోలో చేవెళ్లకు పోయి కూరగాయలు ఏరే కూలి చేస్తోంది. వచ్చిపోయే వాళ్లకు ఏడు గుర్తులు చూపించడం కొమురయ్య మానేశాడు. మారింది అంతవరకే. మేడం ప్రభాకర్ గారికి ఒక పేజీ రాసి ఇచ్చారు: ఆదివారాలు మాత్రమే చూశామని, తప్పు తనదని. కింద నేనూ సంతకం పెట్టాను. తొంభై నాలుగు శాతం కింద పెట్టినంత గుండ్రంగా రాలేదు. తనిఖీ వాళ్లు వచ్చే లోపల మొదటి పేజీలోంచి మ్యాపు తీసేశారు. ఆమెకు రావాల్సిన ప్రమోషన్ ఫైలు మీద, వివరణ పెండింగ్‌లో ఉంది అని ఎవరో రాశారు. అది ఇప్పటికీ పెండింగే.

మేడం సెలవులు పెట్టి మరీ సోమవారం నుంచి శనివారం దాకా నడిచారు. ఖాళీ ఉన్నప్పుడల్లా నేనూ పోయాను. ఈసారి బిర్యానీ లేదు. కుక్కలున్నాయి. నలభై మూడు గేట్లు, మామూలు రోజుల్లో అందులో ముప్పై ఒకటి మూసే ఉంటాయి. ఒక్కో గేటుకూ ఏ రోజు తెరుస్తారు, తాళం ఎవరి దగ్గర, ఆ మనిషికే ఏదైనా అయితే రెండో తాళం ఎవరి దగ్గర. ఈ చివరి ప్రశ్నకు చాలా చోట్ల జవాబు లేదు. వాచ్‌మన్ల భార్యలను అడిగితే తాళం ఏ మేకుకు తగిలిస్తారో చెప్పేవారు, చెప్పి, మేము చెప్పామని అనకండి అనేవారు. జవాబు లేని గేటు ఉన్న బాటలన్నీ మ్యాపులో ఎర్రగా మారాయి. బండ్ల బాట అన్నిటికంటే ముందు మారింది. కొత్త మ్యాపును మేడం జయరాజ్‌కు ఇవ్వడమే కాదు, ఎవరైనా చూసుకునేటట్టు ఇంటర్నెట్‌లో పెట్టారు.

నెల తిరక్కుండానే బాల్‌రాజ్ మా స్టాఫ్‌రూమ్‌కు వచ్చాడు. ఆ చుట్టుపక్కల తరతరాల భూములున్న కుటుంబం, రెండుసార్లు సర్పంచ్‌గా చేసిన మనిషి, ఇప్పుడు ఫార్మ్‌హౌస్ ఓనర్ల సంఘానికి పెద్ద. ఆ గేటు పెట్టించింది ఆయనే. దొంగతనాలు ఎక్కువయ్యాయని పెట్టించాడు, అది కూడా నిజమే. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. చాలా మర్యాదగా కూర్చుని, కృష్ణయ్య టమాటలను కాసేపు మెచ్చుకుని, అసలు సంగతికి వచ్చాడు. ఎర్ర బాట చూసి అక్కడి రిసార్టుకు రావాల్సిన పెండ్లివాళ్లు వెనక్కి పోతున్నారట. భూమి చూడ్డానికి వచ్చే వాళ్లు, దారి లేని భూమి మాకెందుకు అంటున్నారట. సాయిలు పోవడం తనకూ బాధేనన్నాడు. అతని మాటలో బాధ ఉంది కూడా. రెండో తాళం సాలమ్మ చేతికో, ఊళ్లో ఎవరి చేతికో ఇస్తారా అని మేడం అడిగితే, సంఘంలో మాట్లాడాలన్నాడు. ఎప్పుడు మాట్లాడతారంటే, అందరూ సిటీ నుంచి రావాలి కదా అన్నాడు. తర్వాత కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"ఆ ఎర్ర రంగు తీసెయ్‌రి మేడం. బాట బంద్ అని రాసుడు అన్యాయం. మీరే ఐతారం వచ్చి చూడున్రి, గేటు తెరిచే ఉంటది."

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పాము మంగళారం కరిచింది, బాల్‌రాజన్నా."